సులోచనక్క చేసిన కరెంటు పెట్టె

మొన్నొక సాయంత్రం నిజామాబాద్‌లో మందులు కొనుక్కొని ఇంటికి నడిచి వస్తుంటే, సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక ఇరుకు దుకాణం ముందు నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. లోపల ఒకాయన తల వంచుకొని టంకం వేస్తున్నాడు. కాలిన ఇనుప మొన సీసపు తీగకు తగలగానే సన్నని తెల్లటి పొగ లేచి గుమ్మం దాకా వచ్చింది. సాంబ్రాణి వాసనకు దగ్గరగా ఉంటుంది అది, కాని అంత మెత్తగా ఉండదు. గొంతులో చిన్నగా గీరుతుంది. ఆయన తలెత్తి "ఏం కావాలె మేడం?" అని అడిగాడు. ఏమీ వద్దన్నాను కాని కదల్లేదు. ఆ పొగ వెనక ఒక ముఖం కోసం వెతుక్కుంటున్నానని ఆయనకు ఎలా చెప్పను? ఆ ముఖం చూసి ముప్పై అయిదేళ్లు దాటింది. ఆమె ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమెను చూడనివాళ్లకు ఆమె ఎవరో చెప్పాలని.

ఆమె పేరు సులోచన. బాన్సువాడ బస్టాండు ఎదురుగా రేకుల కప్పు ఉన్న నాలుగు గదుల వరుసలో చివరి గది ఆమె దుకాణం. ఊళ్లో అందరికీ ఆమె రేడియో అక్క. నిజానికి ఆ దుకాణం ఆమె భర్త యేసురత్నంది. ఆయనకు నలభై దాటకముందే చేతులు వణికే జబ్బు వచ్చింది. రేడియో లోపలి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. వణికే చేతితో వాటి మీద టంకం పెట్టలేరు. అప్పటినుంచి ఆయన పక్కన ముక్కాలి పీట మీద కూర్చొని చెప్పేవాడట, ఆమె చేసేదట. మూడేళ్లు అలా గడిచాయి. ఆయన పోయాక, నలభై రోజుల ప్రార్థన అయిన మర్నాడే ఆమె షట్టర్ ఎత్తింది. "ఇంట్ల కూసుంటె ఆయన లేడని యాదికొస్తది. దుకాణంల కూసుంటె ఆయన చెప్పింది యాదికొస్తది" అని ఒకసారి నాతో అంది. అంతకుమించి ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడేది కాదు.

పిట్లం, జుక్కల్ వైపు నుంచి కూడా మనుషులు చంకలో ట్రాన్సిస్టర్లు పెట్టుకొని ఆమె దగ్గరికి వచ్చేవారు. కొత్తవాళ్లు గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసి, "మెకానిక్ లేడా అమ్మా?" అనేవారు. ఆమె చేతిలో పని ఆపకుండా, "మెకానిక్ గీడనే ఉన్నది. ఏమైందో చెప్పు" అనేది. కొందరు నమ్మక వెళ్లిపోయేవారు. వాళ్లను ఆమె వెనక్కి పిలిచేది కాదు. వారం తర్వాత వాళ్లే తిరిగి వస్తే, మొదటిసారి వచ్చినట్టే పలకరించేది. నేను గమనించి నేర్చుకోవాలనుకొని, ఇంకా పూర్తిగా నేర్చుకోలేకపోయిన గుణం అది.

నేను ఆమెకు పరిచయమైంది బస్సు వల్ల. మాది బాన్సువాడకు కొంత దూరంలో ఉన్న తండా. ఇంట్లో మా భాష, బయట తెలుగు. యాడి, అంటే మా అమ్మ, కూలికి పోయి నన్ను చదివించింది. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకొని, ఇరవై రెండేళ్లప్పుడు బాన్సువాడలో రైతుల విత్తన సంఘం ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. ఎనభైల చివరి సంవత్సరాలు అవి. సాయంత్రం తండా వైపు బస్సు ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. బస్టాండులో ఒంటరిగా నిలబడితే రకరకాల చూపులు. ఒకరోజు ఎదుటి దుకాణంలోంచి ఒక గొంతు వినిపించింది: "ఓ పిల్లా, గంటసేపటి సంది చూస్తున్న. గా ఎండల ఎందుకు నిలబడ్డవ్? గీడ కూసో. బస్సు ఈడికెల్లి కూడ కనిపిస్తది." యేసురత్నం కూర్చున్న ముక్కాలి పీట అదేనని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు నుంచి నా సాయంత్రాలన్నీ ఆ పీట మీదే గడిచాయి.

మా సంఘానికి ఆ ఏడాది హైదరాబాద్ నుంచి ఒక చిన్న కంప్యూటర్ వచ్చింది. అలాంటిది ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. కీబోర్డూ మిషనూ ఒకే డబ్బాలో, దాని మీద చిన్న టీవీ లాంటి తెర, పక్కన ఫ్లాపీ తిప్పే డ్రైవు, బల్ల కింద ఇటుకంత కరెంటు పెట్టె. గోడలోని కరెంటును మిషన్‌కు కావలసినంతగా మార్చి ఇచ్చేది ఆ పెట్టే. దాని మొహం ఎవరూ చూసేవారు కాదు. రైతు పేరు, వడ్ల రకం, పరీక్షలో వంద గింజలకు ఎన్ని మొలిచాయి అన్నది ఎక్కించి, చీటీ అచ్చు తీయడం నా పని. ఆ చీటీ ఉంటేనే సంఘం ఆ వడ్లను విత్తనంగా తీసుకునేది; లేకపోతే అవి మామూలు వడ్లు. ఉగాది తర్వాత మా మేనేజర్ విఠల్‌రావు గారు ఇంకో డ్రైవు, ప్రింటర్ కోసం ఒక కార్డు తెప్పించి తగిలించారు. ఒక ఫ్లాపీలోది ఇంకో ఫ్లాపీలోకి నకలు తీసి పెట్టుకోవాలని ఆయన జాగ్రత్త. ఆ జాగ్రత్తే ముంచింది. అప్పటినుంచి మిషన్ ఉండి ఉండి గుడ్డిదయ్యేది. తెర ఒక్కసారి రెప్ప వేసి, చేస్తున్న పనంతా మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి మొదలయ్యేది.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం, మూడు వారాలుగా ఎక్కించిన జాబితాకు నకలు తీస్తున్నాను. రెండు డ్రైవులూ ఒక్కసారి గుర్రుమన్నాయి. తెర తెల్లబడింది. మళ్లీ వెలిగాక చూస్తే అసలూ పోయింది, నకలూ పోయింది. రెండు ఫ్లాపీల్లో ఒక్క పేరు కూడా చదవడానికి రాలేదు. తొలకరికి రెండు వారాలు కూడా లేవు. చీటీల కోసం రైతులు వరండాలో కూర్చొని ఉన్నారు.

అమ్మిన కంపెనీ మనిషి మర్నాడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఒక డ్రైవు తిప్పి చూశాడు, నాలుగు అక్షరాలు కొట్టి చూశాడు. "మిషన్‌లో ఏ లోపం లేదు సార్. ఆపరేటర్ పొరపాటు" అని చెప్పి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. విఠల్‌రావు గారు చెడ్డమనిషి కాదు. కాని ఆ రోజు వరండాలో రైతులందరూ వింటుండగా అన్నారు: "తండా పిల్లకు గీ పని ఎందుకిస్తున్నవని అందరన్నరు. నేనే ఇనలే. రాకపోతె రాదని చెప్పాలె గదా! ఈ సోమారం గాదు, పై సోమారం సంది ఇంకొకరిని చూసుకుంట." నాకు తెలుగు పూర్తిగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది.

ఆ సాయంత్రం పీట మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడవకు అని ఆమె అనలేదు. చేతిలో ఉన్న టంకం పూర్తిచేసి, చల్లారేదాకా దాని మీద ఊది, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎప్పుడు ఆగిపోతది గది?"

"ఎప్పుడంటే అప్పుడే అక్కా."

"గట్లుండదు. మిషన్‌కు పిచ్చి లేస్తదా? ఏం చేస్తుంటె ఆగుతది? మంచిగ యాది చేసుకో."

కళ్లు తుడుచుకొని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. నకలు తీసేటప్పుడు. అంతకుముందు ఒకసారి, అదీ నకలు తీసేటప్పుడే. ఇంకోసారి ప్రింటర్ నడుస్తుండగా. "రెండు డ్రైవులు ఒక్కసారి తిరిగినప్పుడు" అన్నాను నెమ్మదిగా.

"రెండోది రాకముందు ఎన్నడన్న ఆగిందా?"

"ఒక్కసారి కూడా ఆగలేదు."

"కరెంటిచ్చే పెట్టె మార్చిన్రా, పాతదేనా?"

"పాతదే."

ఆమె ఇనుపమొనను దాని స్టాండు మీద పెట్టింది. "పెట్టె ఒక్కరి కోసం చేసింది. తినేటోళ్లు ఇద్దరయిన్రు. రేపు పొద్దుగాల మీ ఆఫీసుకు వస్త" అంది.

మర్నాడు ఆమె ఒక చేతిసంచితో వచ్చి తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లింది. విఠల్‌రావు గారు విసుగ్గా, "రేడియోలు చేసేటిదానివి, నీకు కంప్యూటర్ ఏం తెలుసమ్మా?" అన్నారు.

"కంప్యూటర్ తెల్వదు సార్. కరెంటు తెలుసు. గా పెట్టె ఒక్కటి చూస్త. మిషన్ ముట్ట."

ఆయన చెయ్యి ఊపారు. అది సరేననా, పొమ్మనా అన్నది నాకిప్పటికీ తెలియదు. ఆమె సరేననే అర్థం చేసుకుంది.

ముందు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసింది. "చెయ్యి పెట్టు" అంది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. మీటరు తీగలు పెట్టెలోంచి మిషన్‌కు పోయే ఐదు వోల్టుల దగ్గర పెట్టి, నన్ను రెండు డ్రైవులూ తిప్పమంది. ముల్లు ఐదు నుంచి నాలుగున్నరకు జారింది. జారగానే తెర రెప్ప వేసింది. ఏ తప్పూ చేయకుండా నేను కూర్చునే ఉన్నాను, నా కళ్ల ముందే అది జరిగింది. గుమ్మంలో నిలబడ్డ విఠల్‌రావు గారు కూడా చూశారు.

ఆ తర్వాత ఆమె సంచిలోంచి ఇంకో మీటరు తీసింది. బ్యాటరీలు చార్జింగ్ చేసే ఖాజా భాయ్ దగ్గర అడిగి తెచ్చిన ఆంపియర్ల మీటరు అది. ఒక్కొక్క భాగానికీ పోయే తీగ మధ్యలో దాన్ని పెట్టి, ఏది ఎంత తీసుకుంటుందో చూడమంది. చూసి చెప్పడం నా వంతు, రాయడం కూడా నా వంతే. డ్రైవు మోటారుకు పన్నెండు వోల్టులు కావాలి. అది తిరుగుతుంటే ముల్లు అర ఆంపియర్ దగ్గర నిలబడింది. అర అని రాశాను.

"ఏం రాసినవ్?"

"అర, అక్కా."

"కొట్టెయ్. మళ్ల తిప్పు. ముల్లు నిలబడ్డ కాడ కాదు, ఎగిరిన కాడ చూడు."

మళ్లీ తిప్పాను. నిజమే. మోటారు కదలబోయే ముందు, రెప్పపాటు సేపు, ముల్లు ఒకటి దాటి ఎగిరి మళ్లీ అరకు దిగింది. రెండు డ్రైవులూ ఒక్కసారి లేచినప్పుడు రెండున్నర దాకా పోయింది. పాత పెట్టె మీద పన్నెండు వోల్టులకు ఒక ఆంపియర్ అనే రాసి ఉంది. మిషన్‌కూ కార్డుకూ కలిపి ఐదు వోల్టుల దగ్గర రెండున్నర కావాలి. పెట్టె ఇవ్వగలిగింది రెండు. పాడైన మొలకల చీటీ వెనక నేను ఈ అంకెలన్నీ కూడి చూపించాను. "అయితే రెండు చోట్లా రెండున్నరకు చేస్తే సరిపోతుంది కదా?" అన్నాను.

"ఎండకాలం మన ఊర్ల కరెంటు ఎంతొస్తది? లైటు చింతనిప్పు లెక్క ఎర్రగ ఉంటది. గప్పుడెట్ల? పెట్టె వేడైనంక ఎట్ల? రేపు మీ సారు ఇంకోటి తెచ్చి తగిలిస్తె ఎట్ల? ఐదుకు నాలుగు ఆంపియర్లు, పన్నెండుకు మూడు. గట్ల చేద్దాం."

విఠల్‌రావు గారికి అప్పటికి ఉత్సాహం వచ్చింది. "గంతేనా? రైస్‌మిల్లుల లారీ బ్యాటరీల చార్జర్ ఉన్నది. పెద్దది. తెప్పిస్త, తగిలియ్యి, సచ్చేదాక ఇంక ఆకలుండదు" అన్నారు.

"వద్దు సార్. వోల్టులు మనం పెట్టేటివి, ఆంపియర్లు అది తీసుకునేటివి. గా చార్జర్ల పన్నెండని ఉంటది, పదిహేను వస్తది. మిషన్ కాలిపోతది. ఆంపియర్లు జర ఎక్కువున్నా ఫికర్ లేదు, దానికి కావాల్సినంతే తీసుకుంటది. మరీ పెద్దదయితె, లోపల ఏదన్న కాలినప్పుడు ఫ్యూజు పోదు, సామానే పోతది. సరిపోయేది చేస్త. నాలుగు దినాలియ్యిండ్రి."

ఆయన గురువారం దాకా గడువిచ్చారు. నా ఉద్యోగం కూడా ఆ గడువులోనే ఉందని ముగ్గురికీ తెలుసు.

ఆ నాలుగు రోజులూ ఆఫీసులో కంప్యూటర్ మూసి ఉంది కనుక, మొలకల రిజిస్టర్లన్నీ దుకాణానికే తెచ్చుకొని పేర్లు వరుసగా పెట్టుకున్నాను. మధ్యమధ్యలో ఆమె పిలిచేది. ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగితీగ చుడుతూ, "లెక్క నువ్వు పెట్టు. నేను మాట్లాడినా నువ్వు మాట్లాడకు" అనేది. ఒకసారి నా లెక్క తప్పింది. నూట నలభయ్యా, నూట యాభయ్యా? భయపడుతూనే చెప్పాను. ఆమె ఒక్క నిట్టూర్పు కూడా విడవకుండా చుట్టిందంతా విప్పి మొదటినుంచి చుట్టింది. "చెప్పినవ్ గదా, అది మంచిగ చేసినవ్" అంది.

"ఎన్ని చుట్లో ఎక్కడైనా రాసి లేదా అక్కా?" అని అడిగాను.

ఆమె ఎడమచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతపడ్డ మచ్చ ఒకటి ఉండేది. దాన్ని చూసి చూపు తిప్పుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ రోజు ఆమే చెప్పింది. "రాసి ఉండె. ఆయన చేత్తోని రాసిన నోటుబుక్కు. ఆయన పోయిన ఏడే, పెండ్లికి మైకు సెట్టు పెట్టెటోళ్లు వచ్చిన్రు. పాత పెట్టె కాలిపోయింది, ఇయ్యాల్నే కావాలె, బరాత్ ఊరేగింపు ఉన్నదన్నరు. నా దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండె. దానికి సరిపోదని నాకు తెలుసు. తెలిసి పెట్టిన. ఆడదాని తోని కాలేదంటరని. పరీక్షకు ఈ బల్ల మీదనే నడిపిస్తుంటె అంటుకున్నది. ఆర్పిన, చెయ్యి కాలింది. గది మానింది. బుక్కు పక్కనే ఉండె."

తీగ కొసను వేలితో అదిమిపట్టి ఆగింది. "ఆయన అక్షరం గుండ్రంగ ఉండేది. వణుకు రాకముందు" అంది. మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. నేను లెక్క మొదలుపెట్టాను.

గురువారం పొద్దునకు పెట్టె తయారైంది. రేకు డబ్బాకు గాలి ఆడడానికి వరుసగా రంధ్రాలు, పక్కన ఫ్యూజు, ముందు చిన్న ఎర్ర దీపం. నేను ఎత్తుకుపోదామని చేతులు చాస్తే ఆమె ఆపింది. స్కూటర్ హెడ్‌లైటు బల్బులూ, హీటర్‌లోంచి తీసిన స్ప్రింగు తీగా దానికి తగిలించి, కంప్యూటర్ ఎంత లాగుతుందో అంత వాటి చేత లాగించింది. "పొద్దుమూకేదాక గిట్ల నడవాలె. అప్పుడు తీస్కపో."

పదింటికి విఠల్‌రావు గారే వచ్చారు. ఆకాశంలో మొదటి మబ్బులు కనబడుతున్నాయి. "వెలుగుతుంది గదా! ఇంకేం కావాలె? రైతులు నా మీద పడుతున్నరు. ఇచ్చెయ్యి" అన్నారు.

"ఒక్క దినం ఆగుండ్రి సార్."

"ఆగకపోతె?"

"వేరేటోళ్ల దగ్గర చేయించుకోండ్రి. గిది మాత్రం ఇప్పుడియ్య."

ఆయన ముఖం ఎర్రబడింది. నా వైపు చూశారు, ఏదో నేనే ఆపినట్టు. ఇచ్చేస్తే నా ఉద్యోగం ఆ క్షణమే నిలబడేది. ఇచ్చెయ్యక్కా అని నోటిదాకా వచ్చింది. ఆమె చేతి మచ్చ చూసి మింగేశాను. ఆయన వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి, దుకాణం రేకులు కాగిపోతున్నప్పుడు, ఐదు వోల్టుల దగ్గర ముల్లు మెల్లగా జారడం మొదలుపెట్టింది. నాలుగు పాయింట్ తొమ్మిది. ఎనిమిది. ఆమె ముందే అనుకున్నట్టు తల ఊపింది. లోపల వేడిని బయటికి పంపే అల్యూమినియం ముక్క చిన్నదైంది. పొద్దున తీసుకుపోయి ఉంటే సరిగ్గా ఈ వేళకు, సగం జాబితా మీద, తెర మళ్లీ రెప్ప వేసి ఉండేది. ఆమె ఇంట్లోంచి పాత అల్యూమినియం గంజు గిన్నె మూత తెప్పించి, కత్తిరించి, వంచి, దానికి బిగించింది. మళ్లీ బల్బులు వెలిగించింది. చీకటి పడే వేళకు ముల్లు ఐదు మీద కుదురుగా నిలబడి ఉంది.

శుక్రవారం పెట్టెను కంప్యూటర్‌కు తగిలించాం. విఠల్‌రావు గారు, వరండాలోని రైతులు, అందరూ గుమ్మంలో మూగారు. "ఏం చేసిందమ్మా గా అక్క?" అని ఎవరో అడిగారు. మేనేజర్ గారు ఆమెను చూశారు. ఆమె నా వైపు చెయ్యి చూపించింది: "జమున చెప్తది. లెక్కంతా ఆమె చేసిందే."

చెప్పాను. పాత పెట్టె ఎంత ఇవ్వగలదో, ఇవన్నీ ఎంత అడుగుతాయో, మోటారు లేచేటప్పుడు ఎందుకు ఎక్కువ కావాలో. చెప్పి రెండు డ్రైవులూ ఒక్కసారి తిప్పాను. తెర రెప్ప వేయలేదు. పదిసార్లు తిప్పాను. విఠల్‌రావు గారు క్షమించమని అనలేదు. కాసేపు గడ్డం గోక్కొని, "ఇగ పని చూడు జమునా. చానా ఉన్నది" అన్నారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సోమవారం వేరే మనిషి ఎవరూ రాలేదు.

అయిదు రోజుల్లో మొత్తం జాబితా మళ్లీ ఎక్కించాను. అందరికీ మేలు జరిగిందని మాత్రం చెప్పలేను. జుక్కల్ నుంచి వచ్చిన ఒక రైతు ఆగలేక, తొంభై ఆరు గింజలు మొలిచిన వడ్లను మామూలు వడ్లుగా మిల్లుకు తోలేశాడు. ఆయన చీటీ అచ్చు తీసి చేతికిస్తే, చూసి నవ్వి, మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. ఆ నవ్వు తర్వాత చాలా ఏళ్లు నన్ను వదల్లేదు. అక్కతో చెబితే, "యాదుంచుకో. మన పని ఆలస్యమైతె నష్టం ఎవరికో తెల్వాలె గదా" అంది.

ఆ తర్వాత రెండేళ్లు ఆమె తనకు తెలిసినవన్నీ నాకు నేర్పింది. నేర్పుతున్నానని ఎన్నడూ అనలేదు. నిజామాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ ప్రయోగశాలలో సహాయకురాలి ఉద్యోగం పడిందని పేపర్లో చూసి, కత్తిరించి నా చేతిలో పెట్టింది ఆమే. నాకు భయంగా ఉందన్నాను. "గీడ ఉండి బస్సు కోసం చూస్తవా? పో" అంది. యాడి కళ్లనీళ్లతో పంపింది. అక్క నవ్వుతూ పంపింది. ఆ నవ్వు వెనక ఏముందో అడగాలన్న తెలివి అప్పుడు నాకు లేదు. తన సాయంత్రాలు ఇక ఎలా గడుస్తాయని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

కొత్త ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, మూడు కంప్యూటర్లకు కలిపి కరెంటు ఏర్పాటు నన్నే చూడమన్నారు. ఎవరి సాయం లేకుండా నేను మొదటిసారి వేసిన లెక్క అది. కాగితం పట్టుకొని బాన్సువాడ వెళ్లాను. సులోచనక్క దాన్ని కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకొని, గుమ్మంలోని వెలుతురుకు తిప్పి, చాలాసేపు చదివింది. అంత దగ్గరగా ఎందుకు పెట్టుకుందో నేను ఆలోచించలేదు. ఒక్క అంకె కూడా మార్చలేదు.

"మంచిగున్నది. గిట్లనే పెట్టు" అంది. బస్సు ఎక్కుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది: "పెట్టినంక ఒక్కసారి చెప్పు, నడుస్తుందో లేదో."

"ఉత్తరం రాస్తా అక్కా."

"ఉత్తరం వద్దు. నువ్వే రా."

వస్తానన్నాను. పెట్టిన మొదటిరోజే అవి నడిచాయి. ఆ ఆదివారం వెళ్దామనుకున్నాను, పరీక్షలు వచ్చాయి. తర్వాత పెళ్లి కుదిరింది. తర్వాత ఒంట్లో బాగుండలేదు. బాన్సువాడ ఎంత దూరం? రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలు నాకు పది నెలల దాకా దొరకలేదు.

వెళ్లేసరికి ఆ గదిలో గాజుల దుకాణం ఉంది. గదులు కిరాయికిచ్చే ముసలి సాహెబు నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టాడు. అక్కకు కళ్లు మసకబారాయట. దవాఖానలో చూపిస్తే ఆలస్యమైందన్నారట. చెల్లెలు వచ్చి రాష్ట్రం సరిహద్దు అవతల దెగ్లూర్ వైపు తమ ఊరికి తీసుకుపోయిందట. ఊరి పేరు ఆయనకు తెలియదు. ఆయన చెప్పింది ఇది: "ఆఖరికి మూడు నెలలు పని తీసుకోలే బేటీ. టంకం కనిపిస్త లేదని అందరికి వాపస్ ఇచ్చేసింది. అయినా రోజూ వచ్చి షట్టర్ తెరిచేది. పని లేనప్పుడు ఎందుకమ్మా, కిరాయి దండుగ అంటె, 'ఒక మనిషి వచ్చి ఒక మాట చెప్పేదుంది సాహెబ్, వచ్చినప్పుడు మూసి ఉంటె ఎట్ల' అన్నది."

దెగ్లూర్ వెళ్లాను, రెండుసార్లు. అక్కడి చర్చిలో అడిగాను, రేడియో దుకాణాల్లో అడిగాను. మరాఠీలో నాకు వచ్చిన నాలుగు మాటలతో, చేతి మీద కాలిన మచ్చ ఉన్న సులోచన గురించి ఎంతమందిని అడిగానో. కొందరు అటు పొమ్మన్నారు, కొందరు ఇటు పొమ్మన్నారు. ఆమె దొరకలేదు. ఎప్పుడు పోయిందో, ఎక్కడ పోయిందో, అసలు పోయిందో లేదో కూడా నాకు తెలియదు.

ముప్పై ఏడేళ్లు ఆ ప్రయోగశాలలో పనిచేసి మొన్ననే రిటైరయ్యాను. ఏ పనికైనా ఎవరినైనా సలహా అడిగితే, పని అయ్యాక ఫోన్ చేసి ఊరుకోవడం నాకు చేతకాదు. ఎంత దూరమైనా వెళ్లి, గుమ్మంలో నిలబడి, నడుస్తోందని చెప్పి వస్తాను. దీనికోసం ఇంత దూరం వచ్చారా అని జనం నవ్వుతారు, టీ ఇస్తారు. వాళ్ల ముఖాల్లో ఆ క్షణం కనిపించే చిన్న సంతోషాన్ని చూసి తిరుగు బస్సెక్కుతాను. అది చూసిన ప్రతిసారీ, నేను చూడకుండా పోగొట్టుకున్న ముఖం ఒకటి గుర్తొస్తుంది.

ఆ మూడు కంప్యూటర్లూ పదకొండేళ్లు నడిచాయి అక్కా. ఒక్కసారి కూడా ఆగలేదు.